యాత్రలో సద్దిమూట

పెద్దల మాట సద్దిమూట యని మనవారందురు. పూర్వము కాలినడకనో యెడ్లబండి మీదనో ప్రయాణము చేయువారికి త్రోవలో అన్నము దొరకుట నిశ్చయము కాదు గనుక, ఇంటనుండి కట్టుకొని వచ్చిన మూటయే దిక్కుగా నుండెను. నేడట్లు కాదు. పులివెందులలో వేకువను బస్సెక్కినవాడు మధ్యాహ్నమునకు తిరుపతి చేరుచున్నాడు. ముద్దనూరులో రైలెక్కినవానికి త్రోవ పొడుగునను తినుబండారములే. నాడు ఆకలికి వెరచితిమి. నేడు తిండికే వెరవవలసి వచ్చినది. కావున యాత్రకు పోవు పెద్దలు ఆహార విషయమున పాటింపదగిన కొన్ని నియమములను మనవి చేయుదును.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి, మన కడప మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి యిల్లు చేరిరి. వారు వ్రాసిన కాశీయాత్రచరిత్రలో, దిగిన ప్రతి మజిలీయందును నీళ్లు మంచివా, సామానులు దొరకునా, వంటకు చోటు కలదా యను సంగతులు గుర్తించియున్నారు. దేవళముల మహిమతోపాటు బావినీటి గుణమును గూడ వ్రాయుట వారి వివేకము. మనమును ఆ వరుసనే పోవుదము. మొదట నీరు.

తేటగా నున్న నీరెల్ల శుద్ధమని తలపరాదు. తీర్థములలో వేలకొలది జనులను కబళించిన విషూచికి కారణమైన క్రిమిని, 1884లో జర్మను వైద్యుడు రాబర్టు కోక్ కలకత్తాలోని ఒక చెరువునీటియందే కనుగొనెను. ఆ క్రిమి కంటికి కానరాదు. నీరు తెరలి ఒక నిమిషము మరగినచో అది చచ్చును. కాబట్టి కాచి చల్లార్చిన నీటిని వెంట తీసికొనిపోవుడు. లేదా సీలు విప్పని సీసా కొనుడు. తీర్థము పుచ్చుకొనునప్పుడు ఉద్ధరిణెడు చాలును.

ఇక సద్ది. రాత్రి వండిన అన్నమును మూట గట్టి మరునాటి మధ్యాహ్నమున తినుట మనకు వాడుక. ఇందొక చిక్కు కలదు. బియ్యమునందుండు ఒకజాతి సూక్ష్మజీవుల బీజములు ఉడికించినను చావవు. అన్నము గోరువెచ్చగా చాలసేపు నిలిచినచో అవి మొలకెత్తి విషమును పుట్టించును. పిమ్మట ఎంత కాచినను ఆ విషము పోదు, వాంతులు గలుగును. కావున వండిన యన్నమును, వేసవిలో ముఖ్యముగా, రెండు గంటలలో తినుట మేలు. చింతపండు పులుపుచేత పులిహోర కొంత నిలుచును గాని, దానిని గూడ మరునాటికి ఉంచరాదు.

మరి యేమి కట్టుకొనవలెను? మన సీమలోనే తగిన వస్తువులున్నవి. పలుచగా తట్టి కరకరలాడునట్లు కాల్చిన జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, వేయించిన శనగలు చెడవు. మన తోటలలో పండు చీనీకాయలు, అరటిపండ్లు మూటలో నుండవలెను. తొక్కగల పండును మన చేత మనమే ఒలుచుకొని తినుటకు భయము లేదు. అంగడిలో కోసి యుంచిన ముక్కలను మాత్రము ముట్టరాదు.

ఇప్పుడు నా తప్పు నొకటి చెప్పవలెను. నాకు మధుమేహము కలదు. కొన్నియేండ్ల క్రిందట కాశికి పోయినప్పుడు, ఉదయము మాత్ర వేసికొంటిని. విశ్వేశ్వరుని దర్శనము కాకుండ ఏమియు తినరాదని పట్టుపట్టితిని. వరుస కదలలేదు. మూడవ గంటకు చెమటలు పట్టెను, చేతులు వణకెను, ఎదుటివారు రెండుగా కనబడిరి. మా వెంట వచ్చిన ముసలమ్మ యొకతె తన కొంగుముడి విప్పి బెల్లపు ముక్క నా నోటబెట్టినది. కొంతసేపటికి తేరుకొంటిని. ఆ బెల్లము లేకున్న నేమగునో తలచుకొన్న నిప్పటికిని గుండె ఝల్లుమనును.

మాత్ర తన పని తాను చేయును. మన వ్రతమును అది యెరుగదు. అట్టి లక్షణములు తోచినంతనే మూడు చెంచాల చక్కెరగాని అంత బెల్లముగాని తినవలెను. పదునైదు నిమిషములకు తేరుకొననిచో మరల తినవలెను. పిమ్మట రొట్టెయో యన్నమో తినవలెను. తెలివి తప్పినవాని నోట ఏమియు పోయరాదు. వెంటనే వైద్యశాలకు చేర్పవలెను. ఉపవాసముండదలచినవారు బయలుదేరుటకు ముందే వైద్యు నడుగుడు. మాత్రను మీ యంతట మీరు మానకుడు. ఇది యపచారమందురా? ధర్మశాస్త్రములు రోగులకును వృద్ధులకును ఉపవాసమున సడలింపు నిచ్చినవి. చిన్నప్పటినుండి ఇతరులకు ఆ శాస్త్రము చెప్పినవాడనే నేను, నా వంతు వచ్చినప్పుడు మరచితిని.

మితమును గూర్చి వాగ్భటాచార్యుడు తన అష్టాంగహృదయమున చక్కని కొలత చెప్పెను: కడుపును నాలుగు పాళ్లు చేసి, రెండు పాళ్లు అన్నమునకు, ఒకటి నీటికి, ఒకటి వాయువునకు విడువవలెనట. తిరుమలలో 1985 నుండి నిత్యాన్నదానము జరుగుచున్నది. అట్టిచోట వేడియన్నము తినుట అంగడి తిండికంటె మేలు. లడ్డు ప్రసాదమును కణికంత కన్నుల కద్దుకొని నోట వేసికొని, మిగిలినది ఇంటివారికి పంచుడు; పుణ్యము తరుగదు. రక్తపోటు గలవారు ఊరగాయ జాడీని ఇంటనే విడువుడు. దినమునకు ఉప్పు చెంచాకు మించరాదు.

ఇంత జాగ్రత్తపడినను విరేచనములు పట్టినచో, లీటరు శుద్ధజలమున ఆరు తలకొట్టు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగవలెను. 1971లో బంగాళ సరిహద్దు శిబిరములలో దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు ఇట్టి ద్రావణముతోనే అనేకుల ప్రాణములు నిలిపెను. మధుమేహము గలవారు దీనిని త్రాగుచునే వైద్యుని చూడవలెను.

కావున అయ్యలారా, ఈసారి గండి వీరాంజనేయుని తిరునాళ్లకు పోయినను, శ్రీశైలమునకు పోయినను, మూటలో రొట్టె, పండు, కాచిన నీరు, మందులతోపాటు చిన్న బెల్లపు ముక్కను గూడ మరువకుడు. అది మీకు అక్కరకు రాకపోవచ్చును, ప్రక్కనున్నవానికి రావచ్చును.