ఈ ఫోర్ ట్వంటీ నమ్మకస్తుడే!

మనవాళ్ళ పాట్‌లక్ కబుర్లలో ఈమధ్య స్కూల్ డిస్ట్రిక్టులు, వీసా కష్టాలతో పాటు ఇంకో విషయం చేరింది: ఊరి బయట ఎకరాలు. నేనూ ఆ బాపతే. వారమంతా క్లయింట్ల డేటాబేసులతో కుస్తీ పట్టి, శనివారం పొద్దున్నే రాలీకి ఉత్తరాన ఉన్న మా తొమ్మిదెకరాల్లో తేలతాను. నార్త్ కరోలినా ఎర్రమట్టి సంగతి ఇక్కడివారికి చెప్పక్కర్లేదు. ఎండితే ఇటుక, తడిస్తే వెన్న. వాన పడ్డ మర్నాడు పికప్ ట్రక్కు తీసుకెళ్తే దాన్ని బయటికి లాగడానికి ఇంకో ట్రక్కు కావాలి.

అందుకని ఒక ఏటీవీ కొన్నాను. హోండా రాంచర్ 420, ఫోర్ బై ఫోర్. "పోయి పోయి ఫోర్ ట్వంటీని కొన్నావా?" అని మిత్రులు ఒకటే నవ్వు. పేరు ఎలా ఉన్నా బండి మాత్రం నిఖార్సయిన పనివాడు. 250 సీసీ బండ్లు బరువు లాగలేవు. 700, 800 సీసీల బండ్ల బలం మా పొలానికి అక్కర్లేదు, మా ఆవిడ బడ్జెట్‌కి అసలే అక్కర్లేదు. ఈ మధ్య సైజే మాబోటి వారాంతపు రైతులకి సరిపోతుంది.

2007లో హోండా తన పాత 350 స్థానంలో ఈ 420 సీసీ ఇంజన్ తెచ్చింది. ఒకటే సిలిండర్, నీళ్ళతో చల్లబడుతుంది, కార్బ్యురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్. జనవరి చలిలో కూడా చోక్ లాగే పని లేకుండా స్టార్టవుతుంది. ఇంజన్‌ని బండి పొడుగు వెంట అమర్చారు కాబట్టి తిరిగే శక్తి మధ్యలో మలుపు తిరగకుండా ముందు వెనక షాఫ్టులకి నేరుగా వెళ్తుంది. ఇంజనీరింగ్ చదివిన ప్రాణానికి ఇలాంటివి చూస్తే ముచ్చటేస్తుంది. నాది కాలితో మార్చే అయిదు గేర్ల మోడల్. క్లచ్ లివర్ ఉండదు, ఒకప్పటి హీరో హోండా స్ట్రీట్ గుర్తుందిగా, అలాగన్నమాట. బొటనవేలి బటన్లతో గేర్లు మారేది, పూర్తి ఆటోమేటిక్‌వీ కూడా ఉన్నాయి.

ముందు ర్యాక్ మీద 66 పౌండ్లు, వెనక 133 పౌండ్లు పెట్టొచ్చు. అంటే 50 పౌండ్ల ఎరువు బస్తాలు ముందొకటి, వెనక రెండు. ట్రెయిలర్ తగిలిస్తే 848 పౌండ్ల వరకూ లాగుతుంది. కట్టెలు, కంచె స్తంభాలు, గోంగూర మడికి పశువుల ఎరువు, అన్నీ దీని మీదే.

అసలు చెప్పుకోవలసింది వెనక ఇరుసు గురించి. కిందటేడు నాన్న వచ్చినప్పుడు బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి కిందకి చూశారు. తెనాలి దగ్గర ముప్ఫై ఏళ్ళు ట్రాక్టరు నడిపిన మనిషి.

"ఒరేయ్, దీనికి వెనక డిఫరెన్షియల్ ఏదిరా?"

"లేదు నాన్నా. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించేశారు."

"మరి మలుపెట్లా తిరుగుద్ది?"

మంచి ప్రశ్న. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. ట్రాక్టరుకి డిఫరెన్షియల్ ఉంది, కుడి ఎడమలకి వేరువేరు బ్రేకులున్నాయి. నా మోడల్‌లో ఆ పని మట్టి చేస్తుంది, నడిపేవాడి ఒళ్ళు చేస్తుంది. మట్టిలో లోపలి చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారురోడ్డు మీద జారదు, బండి మొండికేస్తుంది. అందుకే వీటిని రోడ్డెక్కించొద్దంటారు. ఇక నడిపేవాడు మలుపు లోపలివైపుకి వాలాలి, ఎత్తెక్కేటప్పుడు ముందుకి జరగాలి, దిగేటప్పుడు వెనక్కి. బండి బరువు 600 పౌండ్లకి కాస్త అటూ ఇటూ, మనిషి 160. ఆ బరువు ఎటు జరిగితే బండి నిలకడ అటు మారుతుంది.

ఆ సీటు అంత పొడుగ్గా ఉన్నది అందుకే. మనవాళ్ళు దాన్ని చూడగానే ఇద్దరు కూచోవచ్చనుకుంటారు. ఊళ్ళో స్కూటర్ మీద నలుగురం వెళ్ళిన అలవాటు కదా! రాంచర్ ఒక్కరి బండి. వెనక ఇంకొకరు కూచుంటే బరువు వెనక ఇరుసు మీద పడుతుంది, నడిపేవాడికి జరగడానికి చోటుండదు. ఎత్తు మీద ముందు చక్రాలు లేచాయంటే ఆ 600 పౌండ్లూ ఇద్దరి మీదా పడతాయి.

నాన్నకి మనవణ్ణి ముందు కూచోబెట్టుకుని తిప్పాలని సరదా. వాడికి తొమ్మిదేళ్ళు. "ట్రాక్టరు మడ్‌గార్డ్ మీద నిన్ను కూచోబెట్టుకోలేదూ?" అన్నారు. నిజమే, కూచోబెట్టుకున్నారు. అయినా వద్దన్నాను. ఈ సైజు బండి నడపడానికి పదహారేళ్ళు నిండాలని కంపెనీ బండి మీదే అంటించిన హెచ్చరిక చూపించాను. తాతామనవళ్ళిద్దరూ ఒక పూట నాతో మాట్లాడలేదు. మర్నాడు ఇద్దరికీ చెరో గొడ్డలి, చెరో రంపం... అంటే నిజం గొడ్డలి నాన్నకి, ప్లాస్టిక్‌ది వాడికి. నడిచే వెళ్ళారు.

ఈ జాగ్రత్తలు ఊరికే రాలేదు. తొలి రోజుల్లో ఏటీవీలకి మూడే చక్రాలు. హోండా 1970లో తెచ్చిందీ మూడు చక్రాలదే. ప్రమాదాలు పెరిగిపోయి, 1988లో ప్రభుత్వంతో కంపెనీల ఒప్పందం కుదిరాకే అమెరికాలో కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆగింది. నాలుగో చక్రం వచ్చినా నడిపేవాడి పని మాత్రం తగ్గలేదు.

కొనాలనుకునేవారికి రెండు మాటలు. గేర్ల గొడవ వద్దనుకుంటే యమహా కోడియాక్ 450 చూడండి. బెల్ట్ ఆటోమేటిక్, వెనక చక్రాలకి విడివిడి సస్పెన్షన్, నడుముకి హాయి, లాగే బలం 1,322 పౌండ్లు. నాకు బెల్ట్ కంటే గేర్ల మీద నమ్మకం ఎక్కువ, అది నా ఛాదస్తం. పాతది కొంటుంటే మీటరు కంటే ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీయించండి. లోపల ఎండిన బురద కనిపిస్తే ఆ బండి నీళ్ళలో మునిగి లేచిందని అనుమానించాలి. ముందు చక్రాల దగ్గర రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు బయటికొచ్చిందేమో చూడండి. హెల్మెట్ మాత్రం కొత్తదే కొనండి.