చెరువుగట్టున గంటన్నర

మా అమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయిన నాటినుండి ప్రభువునందు నిద్రించిన దినము వరకు రెండు సంవత్సరాల ఏడు నెలలు. గుంటూరులో ఒకే ఇంట్లో ఉండి మేమిద్దరం అక్కచెల్లెళ్ళం చూసుకున్నాం. పగలు ఒకరు, రాత్రి ఒకరు. రెండు గంటలకొకసారి ఒత్తిగిలించకపోతే వీపున పుండ్లు పడతాయి. జావ, మందులు, పక్కబట్టలు... చూడవచ్చిన సంఘస్థులు "తల్లి ఋణం తీర్చుకుంటున్నారమ్మా, మీరు ధన్యులు" అనేవారు. ధన్యులమే కావచ్చు. కాని ఒక తెల్లవారుజామున మూడోసారి పక్క తడిపిందని అమ్మమీద గట్టిగా అరిచాం. మాలో ఎవరమన్నది ఇక్కడ రాయం. మాటరాని అమ్మ ఎడమచేత్తో ఆ చేతినే నిమిరింది. ఆమె పోయిన రోజున ముందుగా వచ్చింది కన్నీరు కాదు, 'ఇక పడుకోవచ్చు' అన్న తలంపు.

పడుకుంటే నిద్ర రాలేదు. రెండు గంటలకొకసారి మెలకువ. వారాలు గడిచినా అంతే. డాక్టరుగారు మందు రాసి, బయటికి వెళ్ళి నడవమన్నారు. సంఘకాపరి అయ్యగారు మాత్రం ప్రసంగం చేయకుండా "ఉప్పలపాడు వెళ్ళిరండి, పక్షులొచ్చాయి" అన్నారు.

జనవరిలో వెళ్ళాం. ఊరి చెరువు మధ్య తుమ్మచెట్లు, వాటినిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. ముందే చెబుతున్నాం, వాసన ఉంటుంది, గోల ఉంటుంది. అయినా గంటన్నర కదలలేదు. అంతసేపట్లో మమ్మల్ని ఎవరూ పిలవలేదు.

గూడబాతులు సుమారు నెల రోజులు గుడ్లు పొదుగుతాయి. ఆడది, మగది వంతులు వేసుకుంటాయి. ఒకటి వచ్చి గూటిలో దిగగానే రెండోది చేపల వేటకు ఎగిరిపోతుంది. మాకూ వంతులుండేవి. కాని వంతు దిగిన మనిషి ఇల్లు విడిచి పోయిందెప్పుడు? బట్టలుతుకుతూనో, మందుల షాపుకు పరుగెడుతూనో ఉండేది. అది తలచుకుని చెల్లెలు ఏడ్చింది, అమ్మ పోయాక మొదటిసారి.

కిటికీలోంచి చెట్లు కనబడే గదుల్లోని రోగులు, ఇటుక గోడ కనబడే గదుల్లోని వారికంటే త్వరగా ఇంటికి వెళ్ళారని, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారని రోజర్ ఉల్రిచ్ అనే శాస్త్రవేత్త 1984లో ప్రచురించారు. అమెరికాలో పిత్తాశయం ఆపరేషను చేయించుకున్నవారిని గూర్చిన పరిశీలన అది. మంచం పక్కన కూర్చున్నవారి సంగతి అందులో లేదు. వారికోసం మాకు ఏలీయా గుర్తొస్తాడు. బదరీవృక్షము క్రింద చావు కోరుకున్న ఆయనను దూత గద్దించలేదు. తినమన్నాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు.

మంచాన పడినవారిని విడిచి చెరువుకెక్కడికి వెళ్తామని మీరనవచ్చు. నిజమే. మేమూ అలాగే అనేవాళ్ళం. ఇప్పుడైతే మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపేవాళ్ళం. ధన్యులన్నవారిని ఒక గంట కూర్చోమని అడిగేవాళ్ళం.

మొన్న అన్నం డబ్బా కట్టుకుని మళ్ళీ వెళ్ళాం. ఆ తెల్లవారుజాము సంగతి మాలో ఒకరం గట్టుమీదే నోరువిప్పి చెప్పాం. రెండోవారు చాలాసేపు కొంగలను చూస్తూ, "నేనూ ఒకసారి అరిచాను" అన్నారు.