మీ వీధిలో రక్తదాన శిబిరం పెడతారా?

ఎండాకాలం వచ్చిందంటే బ్లడ్ బ్యాంకుల్లో రక్తానికి కటకట మొదలవుతుంది. కాలేజీలకు సెలవులు ఇచ్చేస్తారు. రక్తమిచ్చే కుర్రకారు ఊళ్ళకు వెళ్ళిపోతారు. కాన్పులు ఆగవు, రోడ్డు ప్రమాదాలు ఆగవు. తలసేమియా ఉన్న పసివాళ్ళకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించక తప్పదు. పోనీ, డబ్బిచ్చి దాతను తెచ్చుకుందామన్నా కుదరదు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పును అనుసరించి, 1998 జనవరి 1 నుంచి మన దేశంలో రక్తం అమ్ముకోవడాన్ని నిషేధించారు. కనుక ఒకరు ఇష్టపడి ఇచ్చిందే మరొకరికి దిక్కు.

మీ కాలనీ సంఘమో, మహిళా మండలో తలచుకుంటే శిబిరం పెట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. కొన్ని మెలకువలు తెలిస్తే చాలు.

ముందు తేదీ

మొదట లైసెన్సున్న బ్లడ్ బ్యాంకు వారిని కలుసుకోండి. ప్రభుత్వాసుపత్రిలో గాని, రెడ్‌క్రాస్‌లో గాని విచారించవచ్చు. రక్తం తీసే పని పూర్తిగా వారిదే. తేదీ కూడా వారినడిగే పెట్టుకోండి. ఎందుకంటారా? ఎర్రకణాలు సంచిలో కలిపే ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులే నిలవ ఉంటాయి. ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. ఊరంతా ఒకే పండుగనాడో, ఒకే నాయకుడి పుట్టినరోజునో రక్తమిస్తే కొంత వృథా అయినా ఆశ్చర్యం లేదు. అక్టోబరు 1న జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం నాడు అందరూ ముందుకొస్తారు. మీరు మే నెలలో పెట్టి చూడండి!

చోటు, వేళ

బడి హాలైనా, కల్యాణ మండపమైనా సరే. గాలి, వెలుతురు, ఫ్యాన్లు, మంచినీళ్ళు, మరుగుదొడ్డి ఉండాలి. డాక్టరుతో చాటుగా మాట్లాడుకోవడానికి ఒక మూల తెర కట్టండి. యాభై, అరవైమంది దాతలకు సుమారు 3 గంటలు పడుతుంది. గంటకు ఇరవైమంది చొప్పున వేళలు చెప్పి పిలిస్తే తొక్కిసలాట ఉండదు.

ఎవరు ఇవ్వవచ్చు?

18 నుంచి 65 ఏళ్ళ లోపువారు. మొదటిసారి ఇచ్చేవారికి 60 దాటకూడదు. బరువు 45 కిలోలకు తగ్గరాదు. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములైనా ఉండాలి. మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. గర్భిణులు, కాన్పయి ఏడాది నిండనివారు, పచ్చబొట్టు వేయించుకుని ఏడాది కానివారు ఆగాలి. ఏకాదశి ఉపవాసమో, శనివారం ఒక్కపొద్దో ఉన్నవారిని మరో రోజు రమ్మనండి. కడుపు నిండా తిని, రాత్రి బాగా నిద్రపోయి రావాలి.

ఎవరినీ బలవంతపెట్టకండి

ఇది చాలా ముఖ్యం. ప్రతి సంచికీ హెచ్ఐవి, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. అయినా ఈమధ్యనే సోకిన జబ్బు ఒక్కోసారి పరీక్షకు అందదు. మొహమాటపెట్టి తీసుకొచ్చినవారు డాక్టరు దగ్గర నిజం దాచే ప్రమాదముంది. ఆ రక్తం ఒక బాలింతకో, పసిబిడ్డకో ఎక్కుతుందని మరచిపోకండి. డాక్టరు వద్దన్నవారిని “ఎందుకు వద్దన్నారు?” అని నలుగురిలో అడగకండి.

ఆడవాళ్ళలో చాలామందిని హిమోగ్లోబిన్ తక్కువని వెనక్కి పంపుతారు. చిన్నబుచ్చుకోనక్కర లేదు. రక్తహీనత సంగతి వేలి చివరి చుక్కే బయటపెట్టిందన్నమాట! ఆమెను వెంటనే డాక్టరుకు చూపించండి.

ఇచ్చిన తరువాత

తీసేది 350 మిల్లీలీటర్లు. బరువు 55 కిలోలు దాటినవారి దగ్గర 450 వరకు తీయవచ్చు. “నీరసం వస్తుందేమో” అని చాలామందికి బెంగ. రక్తంలోని ద్రవభాగం ఒకటి రెండు రోజుల్లో, ఎర్రకణాలు కొన్ని వారాల్లో తిరిగి సమకూరుతాయి. దాతను కాసేపు పడుకోబెట్టి, ఆ తరువాత పావుగంట కూర్చోబెట్టి పండ్లరసం, బిస్కట్లు ఇవ్వండి. కళ్ళు తిరిగితే పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తి పెట్టండి. వెంటనే స్కూటరెక్కనివ్వకండి. ఆ రోజు బరువులు మోయవద్దని చెప్పండి.

చివరగా ఒక నోటుపుస్తకం పెట్టండి. దాత అనుమతితో పేరు, గ్రూపు, ఫోను నంబరు, తేదీ రాసుకుని, గడువు తీరగానే గుర్తుచేయండి. నలభైమంది ఇచ్చి, వారిలో ముప్పైమంది మళ్ళీ వచ్చారంటే, మీ ఊరి బ్లడ్ బ్యాంకుకు వచ్చే ఎండాకాలం సగం బెంగ తీరినట్లే.