పాతకాలపు గుఱి తుపాకులు

తిరునాళ్ళలో బుడగలను పేల్చు గాలి తుపాకిని ఎఱుగనివారుండరు. పందెపు గుఱికై 1960, 1970 దశకములలో జర్మనీలో చేసిన గాలి తుపాకులు దానికి చుట్టములే గాని, వాని తరగతి వేఱు. నేడు వానిని వెదకి సేకరించువారు పలుదేశములలో నున్నారు. ఇనుము, కఱ్ఱ తప్ప మఱేమియు లేని యీ వస్తువులో వారికి కనబడు సొగసేమి?

మీట నొక్కగానే, బిగిసియున్న స్ప్రింగు సడలి బరువైన పిస్టనును ముందునకు నెట్టును. పిస్టను గాలిని నొక్కును. గాలి సీసపు గుండును తరుమును. పిస్టను ముందునకు పోవుచుండగా తుపాకి వెనుకకు జరుగును, అది ఆగునప్పుడు ముందునకు కుదుపుకొనును. గుండు గొట్టమును విడువకముందే యీ కదలిక మొదలగును. చిక్కంతయు ఇక్కడనే యున్నది. గుండు వ్యాసము 4.5 మిల్లీమీటర్లు, పది మీటర్ల దూరమందలి నేటి లక్ష్యపత్రముమీద నడిమి చుక్క అర మిల్లీమీటరు మాత్రమే!

మౌజర్ కర్మాగారమున పనిచేసిన యిద్దఱు ఇంజనీర్లు స్థాపించిన ఫైన్‌వెర్క్‌బౌ సంస్థ 150, 300 అను తుపాకులలో దీనికొక చక్కని ఉపాయము చేసినది. మీట నొక్కినపుడు యంత్రభాగమంతయు పట్టాలమీద వెనుకకు జారును; భుజమున కానిన మడమ మాత్రము కదలదు. డయానా వారు ఒకదాని కెదురుగా నొకటి పోవు రెండు పిస్టనులను అమర్చిరి. అన్షుట్జ్ వారు తమ 250లో కుదుపును చమురుచేత అణచిరి. నాకు మొదటిదే మిక్కిలి యిష్టము.

1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలలో ఈ పందెము తొలిసారి చేరినది. పిదప, ముందుగా నొక్కి నిలువచేసిన గాలితో పేలు తుపాకులు స్ప్రింగు తుపాకులను పందెములనుండి తొలగించినవి. 2012లో లండనులో కాంస్యపతకము గెలిచిన మన హైదరాబాదు గగన్ నారంగ్ చేతనున్నది ఆ క్రొత్త తరగతిదే.

సేకరించువారు మొదట మానవలసినది మెఱుగు పెట్టుట. చేతి చెమటకు నలుపెక్కిన మడమను గీకి క్రొత్త వార్నిషు పూయుదురు. అట్టిదానిని చూచినప్పుడెల్ల నాకు సున్నము కొట్టిన గుడిశిల్పము జ్ఞప్తికి వచ్చును. తుపాకికి చేటు తెచ్చునవి మఱి రెండు కలవు: గుండు లేక పేల్చుట, గాలి నొక్కు గదిలో చమురు పోయుట. మొదటిదానివలన పిస్టను మెత్తని అడ్డు లేక ఇనుమునకు కొట్టుకొనును. రెండవదానివలన లోపలి వేడికి చమురు అంటుకొని ప్రేలును. పాత డయానా కొన్నవారు పేల్చుటకు ముందే విప్పించి చూడవలెను. పిస్టను కొననున్న ప్లాస్టిక్ వాషరు ఏండ్లు గడచినకొలది పొడియై పోవును. ఫైన్‌వెర్క్‌బౌ 300లో ఉక్కు వలయ ముండుటచే ఆ బాధ లేదు.

అయితే ఆ 300లోను గడ్డకట్టిన పాత చమురు పట్టాలను పట్టివేయుట కద్దు. అప్పుడది జారదు, చెడిపోయినదని తలచి కొందఱు చౌకగా విడిచిపెట్టుదురు. తెలిసినవాడు దానిని కొని, పట్టాలను తుడిచి, పలుచని చమురు ఒకింత రాచినచో, యంత్రము మునుపటివలెనే జారును.