మొజంజాహి సరే, ఉస్మానియా మాటేమిటి?

హైదరాబాద్: పాత కట్టడాన్ని కూల్చడమే మార్గమనుకునేవారు ఒకసారి మొజంజాహి మార్కెట్టును చూసి రావాలి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన రెండవ కుమారుని పేరిట 1935లో కట్టించిన ఈ రాతి కట్టడం, ఆలనాపాలన లేక శిథిలావస్థకు చేరింది. పైకప్పు కురిసేది. ఆవరణలో రేకుల పందిళ్ళు వెలిశాయి. 2018లో చేపట్టిన పునరుద్ధరణ అనంతరం 2020 ఆగస్టులో మార్కెట్టు తిరిగి ప్రారంభమైంది. పండ్లు, అత్తరు, ఐస్‌క్రీము దుకాణాలు అక్కడే కొనసాగాయి. పాత కళ పోలేదు, బేరమూ ఆగలేదు.

ఇటువంటి గోడలకు సిమెంటు పూత పనికిరాదు. లోపలి చెమ్మ బయటకు పోక రాయి, సున్నం దెబ్బతింటాయి. డంగు సున్నమే వాటికి తగిన మందు.

అక్కడికి దగ్గరలోనే, మూసీ ఒడ్డునున్న ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం సంగతి వేరు. విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన ఆ భవనంలోకి 2020 జూలైలో వాననీరు చేరగా, రోగులను తరలించి తాళాలు వేశారు. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. మరి పాత భవనం? మనుషులు మసలని ఇల్లు త్వరగా కూలుతుంది. కొత్తది లేచేలోగా పాతదానికీ మరమ్మతు చేసి, తగిన పని చూపడం ప్రభుత్వ బాధ్యత.