ఇంటి ముసలిపిల్లి: దాని జబ్బు నెఱుగు విధము



మా మునగపాక ప్రాంతము చెఱకుతోటలకును, బెల్లపు వంటకును పేరుగన్నది. చెఱకున్నచోట ఎలుక యుండును. గాదె యున్నచోట పందికొక్కు చేరును. కనుకనే ఇచ్చటి పెక్కిండ్లలో పిల్లికి చనువైన చోటు కలదు. ఆవు మేత మానిన నాడే మనము పశువైద్యునికి కబురంపుదుము. ఏండ్లతరబడి గాదె కాచిన పిల్లి చిక్కి మూలపడినప్పుడు మాత్రము, "ముసలిదైపోనాది మాస్టారూ, ఇంకేటి చేస్తాం?" అని యూరకుందుము. ముసలితనము వేఱు, జబ్బు వేఱు. జబ్బును ముసలితన మనుకొని విడిచిపెట్టుటచేత, బ్రతుకదగిన జంతువులు పెక్కు చనిపోవుచున్నవి. ఈ రెంటికిని గల భేదమును తెలుపుటయే నేటి నా ప్రసంగమున కుద్దేశము.

పిల్లికి 10 ఏండ్లు దాటినచో వృద్ధాప్యము ప్రారంభమైనట్లే. 15 ఏండ్ల పిల్లి ఇంచుమించుగా 75 ఏండ్ల మనుష్యునితో సమానము. ఆ వయస్సున నిద్ర పెరుగుటయు, ఆట తగ్గుటయు సహజములు. కాని చిక్కిపోవుట, దాహము పెరుగుట, తిండి మానుట వయస్సువలన కలుగునవి కావు. అవి వ్యాధిలక్షణములు.

పిల్లి తన బాధను దాచుకొనును. అది ఎలుకను వేటాడునదే యైనను, పెద్ద జంతువులకు తానే ఆహారము కాగలదు. బలహీనత బయటపడినచో శత్రువు మీదబడునన్న భయము దాని స్వభావమున నున్నది. కుక్కవలె మూల్గదు, గడ్డివామి క్రిందనో, అటకమీదనో దాగును. "చావు తెలిసి ఇల్లు విడిచిపోయినది" అని మనవా రనుచుందురు. వాస్తవమునకు అది జబ్బుచేసి దాగుట. వెదకి తెచ్చి చికిత్స చేయించినచో పెక్కుమారులు బ్రతుకును.

ఇక లక్షణములను వరుసగా చెప్పెదను.

మొదటిది దాహము. కుండయొద్దను, తూమువద్దను మాటిమాటికి నీరు త్రాగుచు, మూత్రము మిక్కిలిగా పోయుచున్నచో మూత్రపిండములు చెడుచున్నవేమో యని శంకింపవలెను. ముసలిపిల్లుల కిది చాల సాధారణమైన జబ్బు. మూత్రమును చిక్కపఱచు శక్తి మూత్రపిండములకు తగ్గగా శరీరమునందలి నీరు పోవును. అందుచేత దాహము పెరుగును. ఈ గుర్తు మనకంట బడునప్పటికి మూడింట రెండు వంతుల శక్తి క్షీణించియుండును. పోయిన శక్తి తిరిగి రాదు. అయినను తగిన ఆహారము, నీరు, మందులతో మిగిలినదానిని చాలకాలము కాపాడవచ్చును. మధుమేహమునందును దాహ మధికముగనే యుండును గాన, ఏది యైనదియు రక్తమూత్రముల పరీక్షవలననే తేలును.

రెండవది బరువు. బొచ్చుచాటున చిక్కుట కనబడదు. మనయిండ్ల తూనికకు కొదువలేదు. నెలకొకమారు బుట్టలో కూర్చుండబెట్టి తూచి, బుట్ట బరువు తీసివేసి, అంకెను గోడమీద వ్రాసికొనుడు. 4 కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గెనన్న, 60 కిలోల మనుష్యుడు 6 కిలోలు తగ్గినట్లు. ఆకలి మిక్కుటమై, ఎంత తినినను చిక్కిపోవుచు, రాత్రులు అఱచుచు తిరుగునది కంఠమునందలి థైరాయిడు గ్రంథి చెడినదై యుండవచ్చును. "బాగుగా తినుచున్నది గదా" యని దానిని చూచి సంతోషింపరాదు.

మూడవది నోరు. తినగోరి వచ్చి, కబళము జారవిడుచుట, ఒకప్రక్కనే నములుట, చొల్లు కార్చుట పంటిబాధకు గుర్తులు.

నాలుగవది మేను. అమరకోశమున పిల్లికి చెప్పబడిన పేర్లలో మార్జారమను పేరు, శుభ్రపఱచుట యను నర్థముగల మృజ్ ధాతువునుండి పుట్టినది. ఒడలు నాకుకొని శుభ్రముగా నుంచుకొనుట దాని నిత్యకృత్యము. ఆ నియమము తప్పి, వీపుమీది బొచ్చు జడలుకట్టినచో పిల్లి తన పేరునకే దూరమైనదని గ్రహింపుడు. కీళ్లనొప్పిచేత వీపువఱకు మెడ త్రిప్పలేకపోవచ్చును. అట్టిది అటక యెక్కుటయు మానును. దానికొక మెట్టుపీట వేయుడు. గోళ్లు పెరిగి అరికాలిలో దిగకుండ చూచుచుండుడు.

ఇప్పుడు చెప్పబోవునవి తెల్లవాఱువఱకు ఆగరానివి. పోతుపిల్లి మాటిమాటికి బూడిదలో కూర్చుండి ముక్కుచున్నను మూత్రము రాకున్నచో మూత్రమార్గము మూసికొనెనని యర్థము. ఇది ఏ వయస్సుననైనను రావచ్చును. మలబద్ధకమని ఆముదము పోయుచు కూర్చున్నచో రెండు మూడు దినములలో ప్రాణము పోవును. నోరు తెఱచి ఎగరోజుట, చిగుళ్లు తెల్లబడుట, వెనుకకాళ్లు హఠాత్తుగా చల్లబడి చచ్చుబడుట, కన్నులు ఉన్నట్లుండి కనబడకపోవుట కూడ ఇట్టివే. నిద్రించుచున్న పిల్లి ఊపిరిని గడియారముంచి లెక్కింపుడు. నిమిషమునకు 30 దాటుచున్నచో వైద్యునికి చెప్పుడు. ఒక దినము పూర్తిగా తిండి ముట్టనిచో వైద్యుని సలహా పొందుడు. ఉపవాసము సాగినకొలది, బలిసిన పిల్లికి విశేషముగా, కాలేయమున క్రొవ్వు చేరి క్రొత్త వ్యాధి పుట్టును.

చేయరాని పనులు చెప్పెదను. మనము జ్వరమునకు వేసికొను పారాసిటమాలు బిళ్ల పిల్లికి విషము. దానిని విఱుచు శక్తి పిల్లి కాలేయమునకు లేదు. ఒక్క బిళ్లయే ప్రాణము తీయగలదు. నూనెను బలవంతముగా నోట పోసినచో ఊపిరితిత్తులలోనికి పోవును. ఉల్లి, వెల్లుల్లి పడిన చేపలపులుసు దాని రక్తమునకు హానికరము. చేపను ఉప్పుకారములు లేక ఉడికించి, ముండ్లు తీసి పెట్టుడు. పెరుగన్నముతోనే పిల్లిని పోషింపవలెనన్నను సాగదు. టారిన్ అను పదార్థము మాంసాహారమునందే లభించును; అది కొఱవడినచో పిల్లి చూపు పోవునని 1975లోను, గుండె చెడునని 1987లోను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. పాలు పెద్దపిల్లులలో పెక్కింటికి అరుగవు. తోటలో ఎలుకలమందు పెట్టినచో చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చుడు. వానిని తిన్న పిల్లియు చావవచ్చును.

వైద్యునియొద్దకు పోవునప్పుడు మూతగల వెదురుబుట్టలో పాతగుడ్డ పఱచి కొనిపొండు. ఎప్పటినుండి, ఏమి తినినది, ఎన్నిమారులు వాంతియైనది వ్రాసికొనిపోయిన వైద్యునికి సగము శ్రమ తగ్గును. మండలమందలి పశువైద్యశాలలో ముందు చూపుడు. 1962 అను నంబరునకు ఫోనుచేసి, 2022లో మన రాష్ట్రమున ఆరంభమైన సంచార పశువైద్య వాహనము పిల్లికిని వచ్చునేమో అడుగవచ్చును. గరివిడిలో పశువైద్య కళాశాలయు కలదు.

ఒక్క హెచ్చరిక. బాధలోనున్న పిల్లి పెంచినవారినైనను కఱచును. కఱచినను, రక్కినను గాయమును సబ్బుతో పారునీటిక్రింద 15 నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికిపోయి వెఱ్ఱికుక్కకాటునకు వేయు టీకా విషయమును అడుగుడు. పిల్లికాటువలనను ఆ వ్యాధి సోకును.

అన్ని జబ్బులును నయము కావు. నయము కానిదని వైద్యుడు చెప్పినప్పుడు, బాధ తగ్గించు మందును, చలితగులని మూలను, దగ్గఱలో నీటిని ఏర్పఱచుట మన విధి. మన ధాన్యమును కాచినంతకాలము అది మనలను కూలి యడుగలేదు. జబ్బు చేసినప్పుడును నోరు తెఱచి యడుగదు. అడుగని దాని యక్కఱను కనిపెట్టుట ఇంటి పెద్దలమైన మన పని. నేటి సాయంకాలము మీ పిల్లి నీటిగిన్నెయొద్ద ఎంతసే పుండునో యొకమారు గమనింపుడు.