వకీలును ఎప్పుడు సంప్రదింపవలెను?

పైరునకు తెగులు సోకినప్పుడు ఆలస్యము కూడదని రైతు లందఱు నెఱుగుదురు. కాగితముల విషయమున మాత్ర మా జాగరూకత కానరాదు. సంతకము చేసిన పిదపనో, డిక్రీ వచ్చిన పిదపనో వకీలు నొద్దకు పోవువారినే మేము గ్రామములలో తఱచుగా చూచుచున్నాము. అప్పటికి ఆయన చేయగలిగినది స్వల్పము, మనకగు వ్యయము అధికము. కావున వకీలు ఎప్పు డవసరమో, ఎప్పు డక్కఱలేదో సభ్యులు తెలిసికొనుట మేలు.

వకీలు లేకయే జరుగు పనులు

సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున ఈసీ తీసికొనుటకును, భూమి రికార్డుల నకళ్లు పొందుటకును, సంఘమున అప్పునకు దరఖాస్తు పెట్టుటకును వకీలుతో పనిలేదు. సంఘ వ్యవహారమున సభ్యునికిని సంఘమునకును తగవు వచ్చినచో, 1964వ సంవత్సరపు సహకార సంఘముల చట్టము 61వ సెక్షను ప్రకారము అది రిజిస్ట్రారు నొద్దకు పోవలెను.

సంతకమునకు ముందు

భూమి కొనుటకు ముందు వకీలుచే కాగితములు చూపించుట తప్పనిసరి. ఈసీలో రిజిస్టరయిన వ్యవహారములే కనబడును. నోటిమాట పంపకములు, వారసుల హక్కులు అందు కనబడవు. 2005 సెప్టెంబరు 9 నుండి అమలులోనికి వచ్చిన సవరణచే హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకును కుమారునితో సమానముగ హక్కు కలదు. అన్నదమ్ములు మాత్రమే సంతకము చేసి యమ్మిన పొలమును కొన్నవాడు తరువాత ఆడపడుచు వేసిన దావాకు సమాధానము చెప్పుకొనవలసి వచ్చును. పూర్వపు పంపకములకు మినహాయింపు లున్నవి. అవి మీరు కొనదలచిన భూమికి వర్తించునో లేదో వకీలే చెప్పవలెను. అమ్మువాని వకీలు మాటతో తృప్తిపడక, మీ పక్షమున వేఱొకరిని అడుగుడు.

జామీను నిలుచుటకు ముందును ఆలోచింపుడు. "పేరునకు మాత్రమే" యని స్నేహితుడు చెప్పవచ్చును. కాని వేఱు ఒడంబడిక లేనిచో, 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము ప్రకారము జామీనుదారుని బాధ్యత ఋణస్థుని బాధ్యతతో సమానము. అప్పిచ్చినవాడు ఋణస్థుని విడిచి నేరుగా జామీనుదారునే అడుగవచ్చును. స్టాంపు అంటించిన ఖాళీ ప్రోనోటుపై సంతకము గాని వేలిముద్ర గాని వేయుట, సొమ్ము అంకె వ్రాసికొనుటకు ఎదుటివానికి అధికార మిచ్చుటయే యగును.

గడువు మించకుండ

చట్టము గడువును పాటింపనివానికి సాయపడదు. డిమాండు ప్రోనోటుపై దావాకు వ్రాసిన తేదీ మొదలు 3 సంవత్సరములే గడువు. గడువులోపల ఋణస్థుడు కొంత చెల్లించి, చెల్లు వ్రాసి సంతకము చేసినచో అప్పటినుండి మరల 3 సంవత్సరములు లెక్కింతురు. కోర్టు సమను అందినచో ఆ దినముననే వకీలును చూడుడు. సాధారణముగ 30 దినములలో జవాబు దాఖలు చేయవలెను. తగు కారణమున్న కోర్టు మొత్తము 90 దినముల వఱకు అనుమతించును. సమనును పుచ్చుకొనక తప్పించుకొన్నచో దావా ఆగదు, ఏకపక్షముగ డిక్రీ యగును.

విత్తనములు మొలకెత్తక నష్టము కలిగినను రైతునకు మార్గము కలదు. అట్టి రైతు వినియోగదారుడే యని సుప్రీంకోర్టు 2012లో తీర్పు చెప్పినది. 2 సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవలెను. బిల్లు, సంచి, దానిపై చీటీ భద్రపఱచి తీసికొనిపోవలెను.

వకీలు నొద్ద మెలగవలసిన విధము

మనకు ప్రతికూలమైన సంగతులను గూడ దాచక చెప్పుడు. మన యనుమతి లేక వానిని బయటపెట్టుటకు చట్టము ఆయనకు వీలియ్యదు. ఫీజు ఎంతో ముందుగనే అడిగి, ఇచ్చినదానికి రశీదు పుచ్చుకొనుడు. అసలు కాగితములు చూపి, నకళ్లు ఇచ్చి రండు. చదివి వినిపింపని కాగితముపై సంతకము చేయకుడు.

ఫీజు ఇచ్చుకొనలేనివారు నిరాశ చెందనక్కఱలేదు. 1987వ సంవత్సరపు చట్టము ప్రకారము స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగ వకీలు నిత్తురు. ఇతరులలో పలువురకు ఆదాయపు పరిమితి కలదు. కోర్టులలోని న్యాయసేవా సంస్థ కార్యాలయమున గాని, 15100 నంబరు ఫోనున గాని అడుగవచ్చును. లోక్ అదాలత్‌లో ఇరుపక్షములు రాజీపడినచో ఆ యవార్డు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వచ్చును.

సంతకమునకు ముందొక దినము, సమను అందిన పిదప ఒక్క దినమైనను జాగు చేయకుండుట, ఈ రెంటిని పాటించిన రైతునకు పెక్కు దావాలు తప్పును.